రాతిలో చెప్పిన సాక్ష్యం

మా ములకలపల్లి వైపు గూడేల్లో ఆదివారం ఆరాధన మధ్యలో ఒక ఘట్టం ఉంటుంది. పాటలు అయిపోతాయి, డోలక్ పక్కన పెడతారు, పాస్టర్ గారు "సాక్ష్యాలు ఉన్నవాళ్లు చెప్పండి" అంటారు. కొంగు తలమీదికి లాక్కుని ఒకామె లేస్తుంది. బిడ్డకు జ్వరం వచ్చి తగ్గిన రాత్రి గురించి చెబుతుంది. పత్తి పోయిన ఏడు పురుగుమందు డబ్బా చేతిలోకి తీసుకుని మళ్లీ కింద పెట్టిన సాయంత్రం గురించి చెబుతుంది. పెనిమిటి సారా మానిన సంగతి చెబుతుంది. రెండు నిమిషాలు కూడా పట్టదు. చెప్పి కూర్చుంటుంది.

దేవుడున్నాడని నమ్మడానికి కారణం ఏమిటని అడిగితే చదువుకున్నవాళ్లం పుస్తకాల వైపు చూస్తాం. ఆమె తన బతుకు వైపు చూస్తుంది. ఆమె చెప్పేది అనుభవమే గానీ కారణం కాదని నేను చాలా ఏళ్లు అనుకున్నాను. కారణం అంటే దానికో కట్టుబడి ఉండాలి: పునాది, దానిమీద గోడ, గోడమీద కప్పు. ఆమె రెండు నిమిషాల మాటలో అంత కట్టుబడి ఉందని నాకు చూపించింది నిజంగానే ఒక కట్టడం. డోర్నకల్‌లో ఉన్న ఎపిఫనీ కెథడ్రల్ అది. ఆ గుడిని ఒక వాదంలా చదవడం ఎలాగో, ఆ వాదంలో పనితనం ఎక్కడుందో నాకు తెలిసినంతలో చెబుతాను.

మా ఊరి నుంచి డోర్నకల్ పోవాలంటే బస్సులో కొత్తగూడెం చేరి రైలెక్కాలి. కొత్తగూడెం స్టేషన్ పేరు ఇప్పటికీ భద్రాచలం రోడ్. సింగరేణి బొగ్గు కోసం వేసిన ఆ బ్రాంచి లైను కారేపల్లి మీదుగా పోయి డోర్నకల్ జంక్షన్‌లో పెద్ద లైనును కలుస్తుంది. కొన్నేళ్ల కిందట ఆ రైల్లో మా బాబాయిని వెంటబెట్టుకుని వెళ్లాను. బాబాయి తాపీ మేస్త్రి. ఏ ఊరు పోయినా ముందు గోడ మూలలు చూస్తాడు, తర్వాతే మనుషుల్ని. చర్చికి రావడం మాత్రం ఎప్పుడో మానేశాడు. "గుడి కాదు బాబాయ్, పని చూద్దువుగానీ రా" అంటే వచ్చాడు.

దూరం నుంచి చూస్తే ఇది చర్చి అని చటుక్కున అనిపించదు. మన ప్రాంతంలో మిషన్ చర్చిలంటే మనసులో ఒక బొమ్మ ఉంటుంది: కోసుగా పైకి పోయే శిఖరం, పొడవాటి కిటికీలు, ఇంగ్లండు పల్లె నుంచి తెచ్చి దించినట్టు ఒక ఆకారం. ఇక్కడ గుమ్మటాలు ఉన్నాయి, మినార్లు ఉన్నాయి. నిజాం రాజ్యంలో పెరిగిన కంటికి అవి మసీదులోవి, సమాధి మందిరాల్లోవి. లోపలికి పోతే రాతి స్తంభాలు దేవాలయ మంటపాన్ని గుర్తుకు తెస్తాయి. స్తంభాల చెక్కడంలో పువ్వులు. బాబాయి ఒక స్తంభానికి అరచెయ్యి ఆనించి ఆగిపోయాడు.

"ఇదేం పువ్వురా?"

"తామర, బాబాయ్."

"అది తెలుస్తాంది. ఆ ఇంకోటి?"

"ఉమ్మెత్త."

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "శివుడి గుళ్లో అంటే సరే. యేసు గుళ్లో ఉమ్మెత్త ఎవరు చెక్కిస్తరురా?" అన్నాడు.

చెక్కించింది బిషప్ అజరయ్య గారు. వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1874 ఆగస్టు 17న తిరునెల్వేలి సీమలోని వెళ్లాలన్‌విళైలో పుట్టారు. తండ్రి పల్లెటూరి పాస్టరు. వాళ్లది నాడార్ల కుటుంబం. ఒకనాడు గుడి వాకిలి దాటనివ్వని కులం. చదువు తర్వాత వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా దక్షిణాదంతా తిరిగారు. దేశీయుల డబ్బుతో, దేశీయుల చేతులతోనే సువార్త పని సాగాలని 1903లో తిరునెల్వేలిలో ఇండియన్ మిషనరీ సొసైటీ పెట్టినవాళ్లలో ఆయన ఒకరు. 1909లో తానే మిషనరీగా డోర్నకల్ వచ్చారు. అప్పటికి ముప్పై అయిదేళ్లు. తెలుగు ఆయన తల్లిభాష కాదు, నేర్చుకున్న భాష. మరుసటి ఏడు ఎడిన్‌బరో మహాసభలో తెల్ల మిషనరీల ఎదుట నిలబడి, మీరు ఎన్నో త్యాగాలు చేశారు, కానీ మాకు స్నేహితులు కావాలి అనే అర్థం వచ్చేలా మాట్లాడి సభను ఇబ్బందిపెట్టారు. 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కెథడ్రల్‌లో అభిషేకం పొంది, ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్ అయ్యారు. ఆయన కట్టించిన ఈ గుడి ప్రతిష్ఠ 1939 జనవరి 6న జరిగింది.

ఆ తేదీని ఊరికే దాటిపోకూడదు. జనవరి 6 ఎపిఫనీ, అంటే ప్రత్యక్షత పండుగ. తూర్పు దేశపు జ్ఞానులు నక్షత్రాన్ని పట్టుకుని వచ్చి పసిబిడ్డను చూసిన రోజు. క్రిస్మస్ రాత్రి పశువుల పాకకు వచ్చిన గొల్లలు ఆ ఊరివాళ్లు, ఆ జాతివాళ్లు. ఎపిఫనీకి వచ్చినవాళ్లు పరాయివాళ్లు, వేరే శాస్త్రం చదివినవాళ్లు. వాళ్లు తమ విద్యను ఇంటి దగ్గర వదిలేసి రాలేదు. దాన్ని పట్టుకునే నడిచారు, ఆ నక్షత్ర విద్యే వాళ్లను బేత్లెహేము దాకా తెచ్చింది. ఇది క్రైస్తవ ఆలోచనలో పెద్ద మాట. దేవుణ్ని వెదికే దారి నీ దగ్గర ఉన్నదానితోనే మొదలవుతుంది. ఏథెన్సులో పౌలు కూడా ఇదే చేశాడు. ఆ ఊళ్లో పేరు తెలియని దేవుడికి కట్టిన బలిపీఠం ఒకటి కనిపిస్తే, దాన్నే గుమ్మంగా చేసుకుని మాట మొదలుపెట్టాడు.

ఈ అర్థం మనసులో పెట్టుకుని మళ్లీ గుమ్మటం చూస్తే, మినారు చూస్తే, మంటప స్తంభం చూస్తే అవి అలంకారాలు కావని తెలుస్తుంది. జ్ఞానుల్లా అవీ నడిచి వచ్చినవే. హైదరాబాదు రాజ్యపు తురక పని, తెలుగు నేల శిల్పి పని, రెండూ తమ విద్యలు తమతోనే తెచ్చుకుని ఈ కప్పు కింద నిలబడ్డాయి. పేరుకూ రూపానికీ ఇంత పొందిక ఉన్న కట్టడాలు తక్కువ. గుడికి ఎపిఫనీ అని పేరు పెట్టి గోథిక్ శిఖరం లేపి ఉంటే పేరు ఒక దారి, రాయి ఒక దారి అయ్యేవి.

తామర సంగతి. తామర భారతదేశానికి గుర్తు; దాని నడిమి నుంచి సిలువ లేస్తుంది. ఈ కూర్పు అజరయ్య గారు కొత్తగా కనిపెట్టింది కాదు. కేరళ పాత చర్చిల్లో, మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ మీద ఉన్న పురాతన రాతి సిలువల్లో సిలువ కింద తామర రేకులు కనిపిస్తాయి. చైనాలో 781 నాటి షియాన్ శిలాశాసనం తలమీద చెక్కిన సిలువ కింద కూడా ఇలాంటి పువ్వే. తూర్పు క్రైస్తవులు వేయి ఏళ్లకు ముందే ఈ సామెత లాంటి బొమ్మను తయారుచేసుకున్నారు. దాన్ని డోర్నకల్‌కు తేవడంలో ఉన్న తెలివి ఏమిటంటే, సిలువను పువ్వు మీద అతికించలేదు, పువ్వులోంచి మొలిపించారు. అతికించినది పీకవచ్చు. మొలిచిన దానికి వేరు ఉంటుంది.

ఇంత దూరం వచ్చేసరికి బాబాయికి ఒప్పుదలగానే ఉంది. పని బాగుంది, ఆలోచన బాగుంది. కానీ ఆయన కన్ను ఉమ్మెత్త దగ్గరే ఉంది. నా మనసు కూడా అక్కడికే పోయింది.

ఉమ్మెత్త మనకు తెలియనిది కాదు. పెంట కుప్పల పక్కన, పాడుబడ్డ గోడల దగ్గర, శ్మశానం అంచున మొలుస్తుంది. తెల్లని పొడుగాటి గొట్టం లాంటి పువ్వు, పొద్దు గూకాక విప్పుకుంటుంది. కాయ నిండా ముళ్లు. గింజ విషం, కొద్దిగా పడితే మతి చెదురుతుంది, ఎక్కువైతే మనిషి దక్కడు. పిల్లలు దాని దగ్గరికి పోతే పల్లెలో తల్లులు చెయ్యి మీద కొట్టి లాక్కొస్తారు. శివుడికి మాత్రం అది ఇష్టమైన పువ్వు, విషం మింగినవాడు గనుక. అజరయ్య గారి గుడిలో అది చావుకు గుర్తు. ఆరాధనకు వచ్చినవాడు పాట పాడుతూ తల ఎత్తితే చావు కనిపిస్తుంది. చెక్కిన శిల్పి దాని మీద తామర మీద పెట్టినంత శ్రద్ధే పెట్టాడు. నన్ను ఎక్కువగా కదిలించింది అదే. మాయని పువ్వులా, మంచి రాతిలో, ఓపికగా చెక్కిన చావు.

దేవుడున్నాడనడానికి క్రైస్తవ లోకం చెప్పిన వాదాల్లో చాలావాటికి ఈ పువ్వు చోటు ఉండదు. విలియం పేలీ 1802లో రాసిన పుస్తకం అందరికీ తెలిసిన ఉదాహరణ. బీడులో నడుస్తుంటే గడియారం దొరికితే దాన్ని చేసినవాడు ఒకడు ఉన్నాడంటాం గదా, అంతకన్నా చక్కగా అమరిన కన్ను, రెక్క, పువ్వు చూస్తే ఏమనాలి అన్నది ఆయన ప్రశ్న. మా అడవిలో ఇప్పచెట్టు కింద నిలబడితే ఈ ప్రశ్న తనంత తానే వస్తుంది. ఇప్పపువ్వు కోయనక్కర్లేదు. తెల్లవారుజామున చెట్టే రాలుస్తుంది. గంప పట్టుకుని పోయి ఏరుకోవడమే. తీపిగా, కండగా, ఎండబెడితే నిలవ ఉండేలా, ఎవరో ఆకలిగొన్నవాళ్ల కోసమే చేసినట్టు ఉంటుంది. కానీ ఆ తీపి గబ్బిలాల కోసం. అవి రాత్రి వచ్చి రేకులు తిని పుప్పొడి మోసుకుపోతాయి, చెట్టుకు కాయ పడుతుంది. పేలీ పుస్తకాన్ని కుర్రతనంలో మెచ్చుకుంటూ చదివిన డార్విన్ 1859లో ఈ రకమైన అమరికకు వేరే వివరణ ఇచ్చాడు. ఆ వివరణ నిలిచింది. ఇప్పచెట్టును చూసి నేను ఇప్పటికీ కృతజ్ఞత చెప్పుకుంటాను గానీ, దాన్ని రుజువుగా ఎవరి ముందూ పెట్టను.

పదమూడో శతాబ్దపు థామస్ అక్వినాస్ మాట ఇంతకన్నా లోతు. ఆయన అడిగింది వస్తువు ఎలా అమరింది అని కాదు, అసలు ఏదైనా ఎందుకు ఉంది అని. మేస్త్రి పోయినా ఇల్లు నిలుస్తుంది. పాట అలా కాదు, పాడేవాడు ఆపితే పాట లేదు. లోకం ఇల్లులాంటిది కాదు, పాటలాంటిది అన్నది ఆ ఆలోచన సారం అని నేను చెప్పుకుంటాను. ప్రతి క్షణం ఎవరో పాడుతుంటేనే ఇది ఉంది. డార్విన్ దీన్ని తాకడు, ఎందుకంటే ఇది అమరిక గురించి కాదు. నేను ఈ మాటను నమ్ముతాను. అయినా ఒప్పుకోవాలి: ఈ వాదం గెలిచినా చేతిలో మిగిలేది ఒక కారణమే. మనిషి చచ్చిపోతుంటే ఆ కారణం మనవైపు చూస్తుందా లేదా అన్నది ఈ వాదం చెప్పదు. అక్కడ ఉమ్మెత్త లేదు.

డోర్నకల్ గుడి తన వాదాన్ని ఉమ్మెత్త దగ్గర మొదలుపెడుతుంది. ఎదుటివాడి గట్టి అభ్యంతరం ఏదో దాన్నే స్తంభం మీద ఎక్కించింది. ఎపిఫనీ కథలోనే దానికి ఆధారం ఉంది. జ్ఞానులు తెచ్చిన కానుకలు మూడు: బంగారం, సాంబ్రాణి, బోళం. బంగారం రాజుకు, సాంబ్రాణి దేవుడికి. బోళం? యేసును సమాధి చేసేటప్పుడు నీకొదేము తెచ్చిన సుగంధాల్లో బోళం ఉందని యోహాను రాశాడు. అంటే ఉయ్యాల దగ్గరే శవానికి పూసే ద్రవ్యం పెట్టారు. వెలుగు పండుగ కానుకల మూటలోనే చావు ఉంది. అజరయ్య గారు బోళాన్ని మన నేల మీద పువ్వుగా మార్చారని నేను చదువుకుంటాను. అరేబియా జిగురు ఈ నేలది కాదు. ఉమ్మెత్త తెలియనివాడు లేడు.

క్రైస్తవుడు చెప్పే అసలు కారణం ఇక్కడికి వస్తుంది. దేవుడు చావును బయట నిలబడి చూడలేదు, లోపలికి దిగాడు, అటు నుంచి బయటికి వచ్చాడు. ఇది తత్వం కాదు, జరిగిందని చెప్పే సంగతి. జరగలేదంటే అంతా పోతుంది. పౌలే కొరింథు సంఘానికి రాసిన మొదటి లేఖలో ఆ మాట ఒప్పుకున్నాడు: క్రీస్తు లేవకపోతే మన నమ్మకం వట్టిదే అని. యేసు సిలువ తర్వాత ఇరవై పాతిక ఏళ్లకు రాసిన ఉత్తరం అది. లేచిన యేసును అయిదు వందలకు పైగా మనుషులు చూశారని, వాళ్లలో ఎక్కువమంది ఇంకా బతికే ఉన్నారని అందులో ఉంది. అంటే, పోయి అడుక్కోండి అని. తన వాదాన్ని ఇంత సులువుగా కూల్చే దారి తానే చూపించిన మతకర్త అరుదు.

సాక్షి అంటే కన్ను ఉన్నవాడు, కళ్లారా చూసినవాడు. గ్రీకులో సాక్షిని చెప్పే మాటే తర్వాత ప్రాణం ఇచ్చినవాడికి, అమరవీరుడికి పేరైంది. ఇక్కడ ఇంకో చిన్న సంగతి ఉంది, నా దృష్టిలో మొత్తం కట్టడానికి ఇదే మూలరాయి. ఖాళీ సమాధిని మొదట చూసింది ఆడవాళ్లని నాలుగు సువార్తలూ చెబుతాయి. ఆ కాలంలో ఆడవాళ్ల సాక్ష్యానికి విలువ లేదు. ఆ శతాబ్దపు యూదు చరిత్రకారుడు జోసెఫస్ ఆడవాళ్ల సాక్ష్యం తీసుకోకూడదనే రాశాడు. వాళ్లు వచ్చి చెబితే శిష్యులే పిచ్చిమాటలు అనుకున్నారని లూకా దాచకుండా రాసిపెట్టాడు. కథ కల్పించేవాడు ఇలాంటి సాక్షుల్ని ఎందుకు ఎంచుకుంటాడు? ఊరి పెద్దనో యాజకుడినో సమాధి దగ్గర నిలబెట్టి ఉండేవాడు. ఎవరి మాట చెల్లదో వాళ్ల మాట మీదే ఈ నమ్మకం మొదటి రోజు నుంచి నిలబడింది.

ఇప్పుడు డోర్నకల్ మండపంలో 1939లో ఎవరు కూర్చున్నారో చూడండి. 1920ల్లో అజరయ్య గారి కింద ఉన్న మేత్రాసనం కృష్ణా డెల్టా దాకా, గోదావరి ఒడ్డున దుమ్ముగూడెం దాకా పెరిగింది. సంఘస్తులు రెండు లక్షలు దాటారు. వాళ్లలో అత్యధికులు మాలలు, మాదిగలు. కూలి చేసుకునేవాళ్లు, జీతాలున్నవాళ్లు, సంతకం పెట్టలేనివాళ్లు. ఊరి బావి దగ్గర, రచ్చబండ దగ్గర వాళ్ల మాట చెల్లేది కాదు. వాళ్లు నమ్మడానికి కారణాలు ఉన్నాయా అన్న ప్రశ్న దేశమంతటి ప్రశ్న అయింది. 1936, 1937లలో గాంధీగారు హరిజన్ పత్రికలోనూ, సంభాషణల్లోనూ గట్టిగా అన్నారు: మతాల మంచిచెడ్డలు బేరీజు వేసుకునే శక్తి ఈ పేద హరిజనుల్లో చాలామందికి లేదు, వాళ్ల ఆకలిని, అమాయకత్వాన్ని ఆసరా చేసుకోవడం తగదు అని. ఆయన బాధ నిజమైనదే. ఆశ చూపి మతం మార్చిన సందర్భాలు లేవని నేను అనను. కానీ ఆ మాటలో ఉన్న లెక్కను అజరయ్య గారు ఒప్పుకోలేదు. కూలివాడికి ఆకలి ఉన్నంత మాత్రాన ఆత్మ లేకుండా పోదు, అక్షరం రానంత మాత్రాన ఆలోచన రాకుండా పోదు అన్నదే ఆయన బతుకంతా చేసిన పనిలోని పట్టు.

జె. వాస్కమ్ పికెట్ 1933లో అచ్చువేసిన సామూహిక ఉద్యమాల అధ్యయనం దేశంలో వేరువేరు చోట్ల మతం మారిన కుటుంబాలను ఎందుకు మారారని నేరుగా అడిగింది. రక్షణ కోసం అన్నవాళ్లున్నారు, గౌరవం కోసం అన్నవాళ్లున్నారు, చుట్టాలు మారారని మారినవాళ్లున్నారు. కారణాలు కలగలిసి ఉన్నాయి. నాకు అందులో సిగ్గుపడాల్సింది కనిపించదు. పెళ్లి కూడా మనిషి ఒక్క కారణంతో చేసుకోడు. కాపురం నిలబడింది మాత్రం తర్వాత వచ్చిన ప్రేమతో. పికెట్ చూసింది కూడా అలాంటిదే: మొదటి కారణం ఏదైనా, తర్వాత దొరికిన బోధ, శ్రద్ధ బట్టే నమ్మకం గట్టిపడుతోందని.

అజరయ్య గారి పనితనం రాతిలో ఎంత ఉందో మనుషుల్లో అంతకన్నా ఎక్కువ ఉంది. బాప్తిస్మం తీసుకున్న ప్రతివాడి చేత వాడి చెయ్యి వాడి తలమీదే పెట్టించి, నేను బాప్తిస్మం పొందినవాణ్ని, ఈ శుభవార్త చెప్పకపోతే నాకు శ్రమ అనే మాట పలికించేవారు. తలమీద చెయ్యి పెట్టుకుని ఒట్టు వేయడం మన పల్లెల్లో అందరికీ తెలిసిందే. సాధారణంగా బిడ్డ తలమీద పెడతారు, అబద్ధమైతే బిడ్డకే తగులుతుందని. ఇక్కడ సొంత తల. పంచాయితీలో సాక్షిగా పిలవని మనిషిని ఆయన ఆ ఒక్క సైగతో సాక్షిని చేశారు. ఏటా సాక్ష్య వారాలు పెట్టి పల్లెపల్లెకూ మామూలు సంఘస్తుల్నే పంపేవారు. చదువు చెప్పి తర్వాత మాట్లాడించలేదు, మాట్లాడించి దానితోపాటే చదువు చెప్పించారు. ఆ వరసలో ఉన్న ధైర్యాన్ని నేను ఎంత మెచ్చుకున్నా తక్కువే. మా గూడెంలో కొంగు లాక్కుని లేచే ఆమె మాటకు అమ్మమ్మ ఎవరంటే ఆ ఒట్టే.

మా వైపుకు సువార్త మాత్రం మొదట డోర్నకల్ నుంచి కాదు, గోదావరి నుంచి వచ్చింది. ఎగువ గోదావరి మీద పడవ దారి వేయడానికి దుమ్ముగూడెంలో ఆనకట్ట పని చేయించిన సైన్యపు ఇంజనీరు హెయిగ్ పూనికతో 1860 ప్రాంతంలో అక్కడ కోయల మధ్య మిషన్ మొదలైంది. ఆ పనుల్లో ఉద్యోగిగా ఉన్న వెంకట్రామరాజు నమ్మి, ఉద్యోగం వదిలి, పాస్టరుగా బతికాడు. తర్వాత వచ్చిన జాన్ కెయిన్ కోయ మాట నేర్చి, వాళ్ల ఆచారాలను వివరంగా రాసి, 1876 నుంచి ఇండియన్ యాంటిక్వరీలో అచ్చువేశాడు. పడవ దారి పథకాన్ని 1871లోనే ప్రభుత్వం వదిలేసినా మిషన్ పని ఆగలేదు. ఇక్కడివాళ్లకు నమ్మకాన్ని రాతితో చెప్పడం కొత్త కాదు కూడా. కంచర్ల గోపన్న భద్రాద్రి మీద రాముడికి కట్టిన గుడి, దానికోసం గోల్కొండ చెరలో గడిపిన ఏళ్లు మా పిల్లలకు ఉగ్గుపాలతో తెలిసిన కథ. నా ఇరుగుపొరుగు రాముడి పేరుతో చెప్పే సాక్ష్యాలు నేను విన్నాను, వాటిని అబద్ధమని అనలేను. సాక్ష్యం గణితం కాదు. చెప్పేవాడి మొహం చూసి, బతుకు చూసి, నమ్మాలో వద్దో వినేవాడే తేల్చుకోవాలి. తెలుగులో విశ్వాసం అనే మాటకు నమ్మకమనీ, నమ్మకంగా ఉండడమనీ రెండు అర్థాలు ఉండడం నాకు ఎప్పుడూ ఇష్టం. కుక్కకు ఉన్న విశ్వాసం అంటాం చూడండి, అది ఒక అభిప్రాయం కాదు, వదలకుండా ఉండడం.

ఒక ప్రశ్నను ఇప్పటిదాకా దాటేస్తూ వచ్చాను. జ్వరం తగ్గిన బిడ్డ తల్లి సాక్ష్యం చెబుతుంది. జ్వరం తగ్గని బిడ్డ తల్లి ఏం చెబుతుంది?

మా బాబాయికి ఒక్కడే కొడుకు. వానాకాలం, వాగు పొంగి ఉంది, మలేరియా తలకెక్కింది. ఆస్పత్రికి చేరేసరికి ఆలస్యమైంది. పన్నెండేళ్లు. బాబాయి చర్చి మానింది అప్పుడే. పిన్ని మానలేదు. ఆరు నెలల తర్వాత ఒక ఆదివారం "సాక్ష్యాలు ఉన్నవాళ్లు" అన్నప్పుడు పిన్ని లేచి నిలబడింది. అందరూ తలలు దించుకున్నారు. "నా కొడుకు లేడు. దేవుడు నన్ను ఒదల్లేదు" అని కూర్చుంది. అంతే. నేను విన్న అన్ని సాక్ష్యాల్లో ఆ రెండు ముక్కలే నాకు కారణంలా నిలిచాయి. తగ్గిన జ్వరానికి వేరే వివరణ ఉండొచ్చు, మాత్ర పనిచేసి ఉండొచ్చు. పిన్ని మాటకు వేరే వివరణ నేను చాలా వెదికాను. అలవాటు అందామంటే అలవాటు అంత బరువు మోయదు. ఓదార్పు కోసం అల్లుకున్న మాట అందామంటే, అల్లుకునేవాళ్లు మొదటి ముక్కను అంత సూటిగా అనరు. ఆమె ముందు ఉమ్మెత్తను చెప్పింది, తర్వాతే తామరను.

డోర్నకల్‌లో ఆ స్తంభం దగ్గర బాబాయి ఎంతసేపు నిలబడ్డాడో నేను చూసుకోలేదు. నేను బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాను. ఆయన వచ్చాక అడిగింది ఒక్కటే. "ఈ అయ్యకు పిల్లలు పోయిన్రా?" తెలియదన్నాను. అజరయ్య గారు 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే కన్నుమూశారని, ఆయన ఎంతో పాటుపడిన దక్షిణ ఇండియా సంఘం దాదాపు మూడేళ్ల తర్వాత, 1947 సెప్టెంబరు 27న ఏర్పడిందని చెప్పాను. విన్నాడో లేదో. జేబులోంచి బస్సు టిక్కెట్టు తీసి, పెన్సిలుతో దాని వెనక ఏదో గీసుకుంటున్నాడు. రైల్లో కారేపల్లి దాటాక చూపించాడు. గొట్టం, అయిదు కొనలు. కొలతలు కూడా వేసుకున్నాడు.

తర్వాతి ఎండాకాలం మా గూడెం చర్చికి ముందు వసారా దించాం. సిమెంటు పని బాబాయిదే, కూలి తీసుకోలేదు. గుమ్మం పైన తడి సిమెంటులో తాపీ మొనతో పువ్వు తీస్తుంటే పాస్టర్ గారు కింద నిలబడి, "గులాబీయా?" అన్నారు. "కాదండి" అన్నాడు బాబాయి. పాస్టర్ గారు కాసేపు చూసి పోల్చుకుని ఏమీ అనలేదు. పిన్ని నీళ్ల బకెట్ అందిస్తూ ఉంది. వసారా అయ్యాక కూడా బాబాయి లోపలికి రావడం లేదు. ఆరాధన జరిగినంతసేపు ఆ గుమ్మం కింద, పువ్వుకు సరిగ్గా కింద, బయట మెట్టు మీద కూర్చుంటున్నాడు. సాక్ష్యాల వేళ లోపల మాటలు సన్నగా వినిపిస్తాయి. మొన్నొక ఆదివారం ఓ చిన్నపిల్ల పరుగెత్తుకొచ్చి పైకి చూపిస్తూ, "తాతా, అదేం పువ్వు?" అని అడిగింది. బాబాయి ఆ పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పడం మొదలుపెట్టాడు.